సూర్యుడి ఇంటి పేరు పట్టుకుని తైమా దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక రాయి. మా చెల్లెలు రాణి తెనాలిలో ఇల్లు కట్టుకుని, పేరు నన్ను పెట్టమంది. నేను ‘బేత్షెమెషు’ అన్నాను. తోలేవాడు లేకుండానే రెండు పాడి ఆవులు దేవుడి ఆజ్ఞలున్న పవిత్రమైన పెట్టెను, మందసాన్ని, నేరుగా ఆ ఊరికి లాక్కెళ్లిన బైబిల్ కథంటే పోయిన మా నాన్నకు మహా ఇష్టం. గుమ్మం పక్కన నల్లరాయి మీద పేరు చెక్కించడం కూడా అయిపోయింది. ఇంతలో మా పాస్టర్ గారు ఎక్కడో వీడియో చూశారు. ఆ హీబ్రూ పేరుకు ‘సూర్యుడి ఇల్లు’ అని అర్థమట, ఆ సూర్యుడు కనానీయులు కొలిచిన దైవమట, ఆ రాయి ఉంటే ఆదివారం గృహప్రవేశ ప్రార్థనకు రారట. నాన్న నలభై ఏళ్లు పెద్దగా ఉన్న సంఘం అది. పాస్టర్ గారు రాకపోతే సంఘంలో ఒక్కరూ ఆ గడప తొక్కరు. వారం రోజులుగా రాణి ఫోన్లో ఏడుపే.

నేను జెద్దాలో నర్సుని. డ్యూటీ అయ్యాక కూర్చుని చదివితే ఆయన మాట అబద్ధమేమీ కాదని తెలిసింది. బైబిల్ ఊళ్లలోనే యెరికోది చంద్రుడి పేరని, అనాతోతుది అనాతు అనే దేవత పేరని చాలామంది పండితులు అంటారు. పాస్టర్ గారి చర్చి పేరు బేతేలు, అంటే ‘ఏలు’ ఇల్లు. ఆ ‘ఏలు’ కూడా కనానీయులు తమ పెద్ద దేవుణ్ణి పిలిచిన పేరే. ఆ మాట ఆయనతో అనే ధైర్యం మాత్రం నాకు లేదు. బేత్షెమెషు ఉన్న దేశానికి ఇక్కణ్ణుంచి వెళ్లలేను. ఆదివారం బడిలో ‘తేమా’ అని చెప్పుకున్న తైమాకు కారులో వెళ్లొచ్చు, అక్కడ దొరికిన పాత రాళ్ల మీద సూర్యచంద్రుల గుర్తులున్నాయని చదివాను. చూస్తే ఏదో ఒకటి తేలుతుందనుకున్నాను. నిద్రలేని మనిషి ఆలోచన అలాగే ఉంటుంది.

శుక్రవారం ఉదయం ఐదింటికి బయలుదేరాం. డ్రైవర్ మస్తానన్నది నంద్యాల. రానూపోనూ కారుకు పెట్రోలుతో కలిపి పదకొండు వందల రియాళ్లు. మదీనా ఊళ్లోకి వెళ్లకుండా బయటి రోడ్డు మీదుగా పోయి ఖైబర్ చేరేసరికి పదకొండున్నర. చుట్టూ మాడిన పెనంలాంటి నల్లరాతి నేల. జుమ్మా నమాజుకని హోటళ్లన్నీ మూసేశారు. మస్తానన్న మసీదుకు వెళ్లొచ్చేదాకా, ఒంటిగంట వరకు, కార్లోనే కూర్చున్నాను. ముందురోజు పన్నెండు గంటల డ్యూటీ చేసిన కాళ్లు బరువెక్కిపోయాయి. ఆకలి, చిరాకు, పాస్టర్ గారి మీద కోపం, మూడూ ఒకేసారి వచ్చాయి.

“రోంతసేపు పండుకో సిస్టర్, ఇంగా శానా దూరముంది,” అన్నాడు మస్తానన్న, వేడి రొట్టెల పొట్లం చేతికిచ్చి.

తైమా చేరేసరికి మూడు ముప్పావు. హద్దాజ్ అనే పాత బావి దగ్గర వాకబు చేస్తే, నేను చూడాలనుకున్న రాళ్లు ఎప్పుడో వేరే ఊళ్ల మ్యూజియాలకు వెళ్లిపోయాయన్నారు. బయలుదేరే ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది.

“రాళ్లు చూసేకి వస్తిమి, రాళ్లే లేవంట! బాయన్నా చూసి పోదాం,” అన్నాడు మస్తానన్న.

బావి మాత్రం బ్రహ్మాండం. మా వీధి మొత్తం అందులో పడుతుంది. చుట్టూ పెద్ద కొయ్య గిలకలు. ఒకప్పుడు ఒంటెలు నీళ్లు తోడేవట. నాకు అవేవీ ఎక్కలేదు, కూర్చుంటే చాలనిపించింది. ఎదురుగా ఖర్జూరాలమ్మే పెద్దాయన మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి, గహ్వా అనే అరబ్బు కాఫీ పోస్తూ అరబ్బీలో ఏదో అడిగాడు.

“నువ్వెవరి బిడ్డవని అడుగుతాండాడు. ఈళ్లంతే సిస్టర్, ముందు నాయన పేరు చెప్పల్ల,” అన్నాడు మస్తానన్న.

“సూర్యారావు గారి అమ్మాయిని,” అన్నాను.

ఆ పేరుకు అర్థమేంటని ఆయన అడిగితే మస్తానన్న ‘షమ్స్’ అని, సూర్యుడికి అరబ్బీ మాట చెప్పాడు. పెద్దాయన మొహం వెలిగింది.

“ఈయప్ప మనవరాలి పేరు గూడా షమ్సేనంట. మంచి పేరు పెట్నారంటాండాడు మీ నాయనకి.”

కప్పు నా చేతిలోనే ఉండిపోయింది. ఏడుపొచ్చింది. వారం రోజులుగా సూర్యుడు, సూర్యుడు అని తలబద్దలు కొట్టుకుంటున్నానే, నాన్న పేరు ఒక్కసారీ గుర్తుకు రాలేదు!

అక్కణ్ణుంచే రాణికి ఫోన్ చేశాను. “అక్కా, మేస్త్రి రేపు పొద్దున్నే వస్తానన్నాడు. రాయి తీయించమంటావా, ఉంచమంటావా?” అంది.

“ఉంచు. నాన్న పేరేంటో పాస్టర్ గారిని అడుగు. అంతే, ఇంకేం వాదించకు.”

“నాన్న సమాధి దగ్గర ఆ పేరు చదివి ప్రార్థన చేసింది ఆయనే కదే అక్కా,” అంది రాణి.

పుట్టినప్పటి నుంచి వింటున్నా, ఆ పేరులో నాకు ఏ దేవుడూ వినపడలేదు. తెల్ల చొక్కా వేసుకుని చర్చి గంట కొట్టే మనిషే కనపడేవాడు. ఎవరు పెట్టిన పేరైనా, అందులో కాపురమున్నవాళ్లదే అవుతుందేమో. నాలాగా పాత రాళ్ల కోసం తైమా వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: అవి ఏ మ్యూజియంలో ఉన్నాయో ముందే కనుక్కోండి, శుక్రవారం మాత్రం వద్దు. నేను ఒళ్లు హూనమై శనివారం రాత్రికి జెద్దా చేరాను. ఆదివారం పాస్టర్ గారు వచ్చారట, అరగంట ఆలస్యంగా. రాయి వైపు తలెత్తి చూడలేదట. గుమ్మంలో నిలబడి కళ్లు మూసుకుని, “ప్రభువా, మా సూర్యారావు గారి ఇంటిని దీవించు” అన్నారట.