గేదె మెడలో ఏడు పూసలు

రాజుపాలెం దగ్గర ఒక హైస్కూల్లో నేను బయాలజీ చెప్తాను. పోయినేడాది పిల్లలకి అస్థిపంజరం పాఠం చెప్పాలి. చూస్తే స్కూల్లో ఉన్న ప్లాస్టిక్ బొమ్మకి వెన్నెముక సగమే మిగిలింది. ఆ మాట ఇంట్లో అంటే అమ్మ, "మన గేదె ఎముకలు తవ్వుకు రారాదటే?" అంది.

ఆ గేదె రెండేళ్ళ కిందట పాము కరిచి చచ్చిపోయింది. పత్తిచేను గట్టు పక్కన పూడ్చాం. అమ్మ చోటు చూపించి, పలుగు నాకిచ్చి గట్టుమీద కూర్చుంది. ఎప్పుడూ నా చేతిలో పని లాక్కునే మనిషి, ఇవాళ కూర్చుందేమిటా అని నాకు తోచలేదు.

ఎముకలు సున్నపు నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఆదివారం వరండాలో పేర్చాను. వెన్నుపూసల్లో మెడవి ఏడు, పక్కటెముకలు అతికేవి పదమూడు, నడుంవి ఆరు. ఒకటి తిరగేసి పెడితే అమ్మే సరిచేసింది. రోజూ ఆ వీపు రుద్దిన చెయ్యి.

"మనకెన్ని ఉంటయ్యే?"

"మెడలో మనకీ ఏడే. నడుంలో మాత్రం ఐదు."

"గేదెకీ నాకూ మెడ ఒకటేనా!" అని చానాసేపు నవ్వింది.

చూపిద్దామని అమ్మ మెడ దగ్గర్నుంచి ఒక్కో పూసా తడుముతూ కిందికి వచ్చాను. నడుం దగ్గర ఉలిక్కిపడి నా చెయ్యి పట్టేసుకుంది.

"అక్కడ ముట్టుకోమాకు."

"ఏమైందమ్మా?"

రెండోసారి అడిగితే చెప్పింది. శివరాత్రి ముందు, మా పెయ్యదూడకి గడ్డిమోపు తెస్తూ కాలవ గట్టుమీద జారి పడిందట. "నీకేమో బళ్ళో పరీక్షలాయె. అదే తగ్గుద్దిలే అనుకున్నా."

కోపమొచ్చింది, ఎక్కువ నామీదే. ఊరి పిల్లలకి ఎముకల పాఠం చెప్పే నేను, అమ్మ తలుపు పట్టుకుని లేవడం గమనించలేదు.

మర్నాడు సెలవు పెట్టి నరసరావుపేట తీసుకెళ్ళాను. ఎక్స్‌రేలో ఒక పూస ముందువైపు నలిగి కుంగిపోయి కనపడింది. నడుంలో మొదటిదని డాక్టరమ్మ చూపిస్తుంటే అమ్మ, "గేదెకైతే ఆరంట, నాకు ఐదేనంటమ్మా, అందులో ఒకటి పోయిందా?" అంది. డాక్టరమ్మ నవ్వి, పోలేదంది. ఆపరేషన్ అక్కర్లేదు, మందులు వాడుతూ బెల్టు పెట్టుకోవాలి, బరువులెత్తకూడదు.

బెల్టు చీరలోంచి కనపడుద్దని నెలరోజులు గొడవ. గడ్డి ఇప్పుడు పక్కింటి బాబాయి ట్రాక్టర్లో వస్తోంది. అమ్మ మంచం మీంచి తనే లేస్తోంది. నిన్న నేను బిందె ఎత్తబోతుంటే వంటింట్లోంచి కేకేసింది.

"మోకాళ్ళు వంచి ఎత్తవే, నడుం వంచమాకు!"