పక్కింటి మగ్గం

ఆ రోజుల్లో నాకు నోటీసు బోర్డుల మీద అపారమైన నమ్మకం ఉండేది. ఏ సంగతైనా సరే, నాలుగు వరసల్లో రాసి జనం నడిచే చోట గోడకు తగిలిస్తే లోకం దానంతటదే బాగుపడుతుందనుకునేవాణ్ణి. (ఆ రోజులంటే మరీ తాతల కాలం కాదు. అప్పటికే అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి. నా తలమీద జుట్టు కూడా ఉండేది.) వార్డు సచివాలయంలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. నీళ్ళూ, వీధిదీపాలూ, కాలవలూ నా బాధ్యత. ఊరు మగ్గాల పట్నం, నగరి బస్సులు పోయే దోవలో ఉంటుంది. పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళకు రోషమెక్కువ. కార్వేటినగరంలో నన్ను బస్సెక్కిస్తూ మా నాయన, "ఎవురి జోలికీ పోబాక. నీ పని నువ్వు సూసుకో" అన్నాడు. అందరి జోలికీ పోవడమే నా పని అని పాపం ఆయనకు తెలీదు.

బస మా మేనత్త ఇంట్లో. నా వార్డులోనే, రెండో వీధి. మామ పోయాక ఒక్కతే ఉండేది కాబట్టి నన్ను చూసి సంబరపడింది. సాయంత్రం నేను రాగానే ఎర్రకారం దోసె వేసి పెట్టి, ఆఫీసు కబుర్లన్నీ అడిగేది. నేనూ ఏదీ దాచకుండా చెప్పేవాణ్ణి. ట్రైనింగులో నేర్చుకొచ్చిన 'పారదర్శకత' అన్న మాటను రోజుకు పదిసార్లయినా వాడకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. "అంటే ఏందిరా అది?" అని ఒకరోజు అడిగింది. "దాపరికం లేకపోవడం అత్తా" అన్నాను. "ఓహో. మంచిదే నాయనా" అని దోసె తిరగేసింది.

ఆ ఊళ్ళో కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు, తెల్లవారుజామున వచ్చేవి. నేను దుప్పట్లో ఉండగానే ఎక్కడినుంచో గుర్రుమని హోరు వినిపించేది. మొదటిరోజు అడిగితే, "పక్కింటి మగ్గం. పండుకో" అంది అత్త. మగ్గాల ఊళ్ళో మగ్గం ఆడితే ఎవరికేం అనుమానం వస్తుంది? నీళ్ళొచ్చే రోజుల్లో మాత్రమే ఆ మగ్గం ఎందుకు ఆడుతోందన్న ప్రశ్న నాలుగు నెలలపాటు నా బుర్రకు తట్టలేదు. (ఆ బుర్రకే పోటీ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది.)

నీళ్ళు రానిది మిట్టవీధికి. వార్డు చివర కాస్త ఎత్తు మీద ఉంటుంది. అక్కడినుంచి ఒక అవ్వ ప్రతి సోమవారం ఖాళీ బిందె చంకనేసుకుని సచివాలయానికి వచ్చేది. బిందెను నా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చునేది. అరిచేది కాదు, తిట్టేది కాదు. "నా బిందె సూడు సారూ" అనేది, అంతే. నేను చూసేవాణ్ణి. మధ్యాహ్నం దాకా దాన్నే చూస్తూ కాగితాలు రాసుకోవలసి వచ్చేది. ఆవిడ కింది వీధి బోరింగు దగ్గర్నించి నీళ్ళు మోసుకునే మనిషి. మోకాళ్ళు రెండూ వాచిపోయి ఉండేవి.

సరే, నా బోర్డు బయటికి తీశాను. ఏ వీధికి ఎన్ని గంటలకు వాల్వు తిప్పుతారో, ఎంతసేపు వదులుతారో పెద్ద అక్షరాల్లో రాసి కూడలిలో పెట్టించాను. పొద్దెక్కేసరికి వార్డు అట్టుడికిపోయింది. మా వాల్వులు తిప్పే పెద్దాయన (వార్డంతా 'మామ' అనే పిలిచేది) ఇన్నేళ్ళూ ప్రతి వీధిలోనూ, "మీకు మాత్రం పది నిమిషాలు ఎక్కువ ఇడస్తా ఉండా, యాడా సెప్పబాకండి" అని చెబుతూ వచ్చాడట. ఆ పది నిమిషాల పుణ్యాన ఆయనకు ఎవరింటికెళ్ళినా కాఫీ దొరికేది. అందరికీ సమానంగానే ఇస్తున్నాడని బోర్డు చెప్పేసరికి ఆయన కాఫీలన్నీ ఒక్కరోజులో ఆగిపోయాయి. మిట్టవీధికి మాత్రం చుక్క నీరు ఎక్కువ రాలేదు.

కారణం మోటార్లని అందరికీ తెలుసు. కింది వీధులవాళ్ళు కొళాయికి మోటారు తగిలించి లాగేస్తే మిట్ట మీదికి ఎక్కడానికి నీళ్ళేం మిగులుతాయి? మోటార్లున్న ఇళ్ళ జాబితాను ఆదివారం వార్డు సభలో చదువుతానని ప్రకటించి, తెల్లవారుజామున ఇంటింటికీ తిరిగాను. రెండు రోజులు తిరిగితే ఒక్క మోటారు దొరికితే ఒట్టు. ఎక్కడ చూసినా కొళాయి పక్కన ఒక గంప బోర్లించి, దాని మీద ఒక పిల్లి పడుకుని ఉండేది. రేపు ఏ వీధికి పోతానో ముందురోజు రాత్రే ఊరందరికీ ఎలా తెలిసిపోతోందో అర్థం కాలేదు. ఆ సంగతి అత్త దగ్గరే చెప్పుకుని బాధపడ్డాను. ఆమె కూడా చాలా బాధపడింది.

చివరికి దారి చూపింది వాల్వు మామే. "వాల్వు మీద సెయ్యి పెడితే సాలు సార్, ఎవురింట్లో లాగతా ఉండారో నాకు తెలస్తాది" అని ఇంటినంబర్లు చెబుతూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను. ఇరవైరెండు అయ్యాక ఆగి, చెవి గోక్కున్నాడు. "ఇంగొకటి ఉండాది. మీ అత్తమ్మ ఇల్లు."

"అది మోటారు కాదు మామా, పక్కింటి మగ్గం" అన్నాను.

"ఆ ఇంటోళ్ళు మగ్గం అమ్ముకోని తిరుపూరు పొయ్యి రెండేండ్లాయ కదప్పా. తలుపుకు తాళం ఏసుండ్లా?"

వేసి ఉంది. ఆ తాళం ముందునుంచే రోజుకు రెండుసార్లు నడుస్తున్నాను. మిట్టవీధి నీళ్ళతో నాలుగు నెలలుగా తలంటుకుంటూ, ఆ తలతోనే పారదర్శకత గురించి మాట్లాడుతున్నానన్నమాట. అత్తను అడిగే ధైర్యం లేదు. అడిగితే ఇల్లు వదలాల్సి వస్తుందేమో, అంతకన్నా ఆమె మొహం చిన్నబోతుందేమో. ఇంక దాచనేల, జాబితాను శుభ్రంగా ఎత్తి రాసేటప్పుడు ఇరవైరెండు దగ్గరే ఆపేశాను.

ఆదివారం బడి వరండాలో సభ. ఎప్పుడూ పదిమంది రాని సభకు ఆ రోజు కూర్చోను చోటు లేదు. ముందు వరసలో అవ్వ, ఆమె ఒళ్ళో బిందె. ఆ పక్కనే మా అత్త. చదవడం మొదలుపెట్టాను. ఒక్కో నంబరుకూ ఒక్కో గొణుగుడు. ఇరవైరెండూ అయ్యాక కాగితం మడిచి, "అంతే" అన్నాను. వాల్వు మామ ఆకాశంలోకి చూస్తున్నాడు.

అత్త లేచి నిలబడింది. "ఒక ఇల్లు ఇడిసిపెట్టినావు కదరా" అంది. "మా ఇంట్లో ఉండాది మోటారు. గంప కింద. నువ్వు సదవకపోతే రేపు వీళ్ళంతా నా మేనల్లుడు నన్ను దాసినాడంటారు. దొంగతనం నాది, నీకెందుకు ఆ సెడ్డపేరు?" దగ్గరికొచ్చి నా జేబులో పెన్ను తీసుకుని, కాగితం విప్పి, తన ఇంటినంబరు అడుగున రాసింది. తిరిగి వెళ్ళి అవ్వ పక్కన కూర్చుని, ఆమె బిందెను కాసేపు తన ఒళ్ళో పెట్టుకుంది. నేను తలొంచుకుని నిలబడ్డాను. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అత్తే మొదట మోటారు విప్పించింది. ఆమె విప్పాక మిగతావాళ్ళకు విప్పక తప్పలేదు. ఆపై సోమవారం అవ్వ ఎప్పటిలాగే వచ్చి, బిందెను నా బల్ల మీద పెట్టింది. ఈసారి నిండుగా ఉంది. కాగితాలన్నీ తడిసిపోయాయి. "సూడు సారూ" అంది. మా ఇంట్లో మాత్రం కొళాయి సన్నగా కారడం మొదలైంది. నా స్నానానికి ఒకే బకెట్టు. దాన్ని నా ముందు పెడుతూ అత్త, "పోసుకో నాయనా, పారదర్శకంగా" అనేది.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మీటింగుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఆ మాటను రోజుకు పదిసార్లు అంటుంటే వింటూ కూర్చుంటాను. ఆ జాబితా ఇంకా నా దగ్గరే ఉంది. ఇరవైరెండు నంబర్లు నా చేతిరాత, ఇరవైమూడోది వంకర టింకరగా అత్తది. నెలకోసారి ఫోన్ చేసి, "మీ తిరపతిలో నీళ్ళు వస్తా ఉండాయా?" అని అడుగుతుంది. వస్తున్నాయి అత్తా అంటాను. మా అపార్టుమెంటులో తెల్లవారుజామున ఎక్కడో గుర్రుమని హోరు వినిపిస్తుంది. లేచి వెళ్ళి చూడాలని తెలుసు. అయినా ఇంకో అయిదు నిమిషాలు దుప్పటి కప్పుకుని, అది పక్కింటి మగ్గమే అనుకుంటాను.