రెండో గొంతు అనసూర్య

అనసూర్య సుల్తానాబాద్ దగ్గరి పల్లె నుంచి బొగ్గుబాయి కాలనీకి కాపురానికి వచ్చిన ఏడాదే అక్కడి చర్చిలో పాటల బృందం మొదలైంది. మొదలుపెట్టిన రామచంద్రం బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం అతని పని. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నాలుగు గొంతుల పాట నేర్చుకున్నాడు. ఒక్కో గొంతుకు ఒక్కో వరస, నాలుగూ ఒకేసారి నడవాలి. కాలనీలో అలాంటిది అంతకుముందు ఎవరూ వినలేదు.

మొత్తం తొమ్మిదిమంది. అనసూర్య భర్త రాజలింగుది అన్నిటికన్నా కింది గొంతు. లింగవ్వది పై గొంతు. ఆమె భర్త కూడా బృందంలోనే ఉన్నాడు. బాయిలోకి దిగేవాళ్ళకు లైట్లిచ్చే దీపాల గదిలో పనిచేసే నిజాముద్దీన్ శుక్రవారం మసీదుకు పోయేవాడు, శనివారం సాయంత్రం వీళ్ళతో పాడటానికి వచ్చేవాడు. ఎవరైనా నవ్వితే తనూ నవ్వి, "మా బిల్కీస్ ఇంట్ల పాడనియ్యది భాయ్" అనేవాడు.

అనసూర్యకు రెండో గొంతు దక్కింది. మొదటి వారమే ఆమె అలిగింది.

"గిది పాటెట్లయితదన్నా? గక్కడిదాక పోయి మళ్ళ గిక్కడికే వస్తున్నది. ఇంట్ల పాడితే మా అత్త పడి పడి నవ్వింది."

"జర ఓపిక పట్టు చెల్లె. అందరం కలిసినంక ఇను."

నాలుగో శనివారం కలిపి పాడారు. పైన లింగవ్వ, కింద రాజలింగు, నడుమ తాను. అనసూర్య వింటూ పాడటమే మరిచిపోయింది. రామచంద్రం చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు. "సూసినవా? నువ్వు ఆగంగనే పాట ఎట్ల బోసిపోయిందో" అన్నాడు. ఆమె మళ్ళీ ఎన్నడూ అలగలేదు.

ఐదేళ్ళకు కరీంనగర్‌లో పోటీలకు పోయారు. మిగతా చర్చిల వాళ్ళు నలభై మంది, యాభై మంది, కీబోర్డులతో, ఒకే రంగు చీరలతో వచ్చారు. వీళ్ళు తొమ్మిదిమంది వట్టి చేతులతో నిలబడ్డారు. పాట అయిపోయాక హాల్లో చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. మొదటి బహుమతి వరసగా మూడేళ్ళు వాళ్ళదే. ఆదిలాబాద్ రేడియోవాళ్ళు పిలిచి రికార్డు చేస్తే, ప్రసారమయ్యే రోజు కాలనీ మొత్తం రాజలింగు క్వార్టర్ ముందు చేరింది. రాజలింగు మాత్రం సిగ్గుపడి ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ తరవాతి వానాకాలం, మొదటి షిఫ్టు సగంలో సైరన్ మోగింది. పైకప్పు కూలి ముగ్గురు పోయారు. అందులో ఇద్దరు రాజలింగు, లింగవ్వ భర్త. రాజలింగు మొహాన్ని బట్టతో కప్పే పైకి తెచ్చారు. అనసూర్య కాళ్ళు చూసి గుర్తుపట్టింది.

సమాధుల దగ్గర ఏడుగురే పాడారు. కింది గొంతు లేని పాట గాలిలో వేలాడినట్టు ఉంది. అనసూర్య తూలిపోతుంటే రామచంద్రం మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ తరవాత కూడా అట్లాగే నిలబడ్డాడు. ఆమెకు కంపెనీ ఆఫీసులో ఊడ్చే పని దొరికేదాకా ఆయనే తిరిగాడు. కూతురు రేవతిని బడిలో చేర్పించాడు. ప్రతి శనివారం పాటకు వాళ్ళ గడపలోకి వచ్చి పిలిచాడు. తోడబుట్టినవాళ్ళు చెయ్యనిది ఆయన చేశాడని అనసూర్య అందరికీ చెప్పుకునేది.

తరవాత బృందంలో ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుని ఒకరు, గుండె ఆగి ఇంకొకరు. వేరొకతను కుటుంబంతో మంచిర్యాల వైపు వెళ్ళిపోయాడు. నిజాముద్దీన్ పోయినప్పుడు బృందంలో మిగిలినవాళ్ళు ముగ్గురు. శవాన్ని మోసుకుపోయే జనాజా ముందు పాడకూడదని వాళ్ళకు తెలుసు. నోరు మూసుకుని వీధి చివర వరసగా నిలబడ్డారు. నిజాముద్దీన్ భార్య బిల్కీస్ తలుపు సందులోంచి వాళ్ళను చూసి అక్కడే కూలబడి ఏడ్చింది.

రామచంద్రం మంచానపడ్డ ఎండాకాలం, అనసూర్య పని దిగి రోజూ వెళ్ళి చూసొచ్చేది. ఒకనాడు ఆయన భార్య కనకవ్వ మందులకు పోయింది. ఆయన అనసూర్యను దగ్గరికి రమ్మన్నాడు. రెండు మాటలకొకసారి ఊపిరి అందడం లేదు.

"గా పొద్దు... నేను కప్పును కట్టెతోటి కొట్టి సూసిన. డొల్ల మోగింది. కూలే కప్పే అట్ల మోగుతది."

అనసూర్యకు మొదట అర్థం కాలేదు.

"పని చూసే సర్దారుకు చెప్పిన. షిఫ్టయినంక సూద్దాం అన్నడు. నేను అడ్డం పడలే. మన రాజలింగుకు... లింగుకు సుత చెప్పలే. పక్కపొంటే పోయిండు చెల్లె. నవ్వుకుంట పోయిండు."

"గిదంతా విచారణల చెప్పినవా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నౌకరి పోతదని బుగులయింది."

అనసూర్య లేచింది. పదహారేళ్ళు ఆయన చెయ్యి కదిపితే పాడింది, ఆపితే ఆగింది. ఆ చెవి ఎంత సన్నటి తేడానైనా పట్టేస్తుందని ఆమెకు తెలుసు. డొల్లను విని పొరబడే చెవి కాదు. నీళ్ళ గ్లాసు ఆయనకు అందేచోట పెట్టి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ ఇంటికి పోలేదు. పన్నెండో రోజు ఆయన పోయాడు.

కనకవ్వ స్వయంగా వచ్చింది. "ఆయన పాట లేకుంట పోవద్దు అనసూర్యా. లింగవ్వకు పక్షవాతమొచ్చి మాట పడిపాయె. నువ్వొక్కదానివే ఉన్నవు."

అనసూర్య చీర మార్చుకుని వెంట నడిచింది.

సమాధి దగ్గర తనకు వచ్చిన రెండో గొంతే ఎత్తుకుంది. వేరేది ఆమెకు రాదు. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ కీర్తనో ఎవరికీ అంతు చిక్కలేదు. కొత్త పాస్టరు పుస్తకం తిరగేశాడు. వెనక కుర్చీలో లింగవ్వ మాత్రం పోల్చుకుంది. వంకర పోయిన నోరు కదిలించబోయింది గానీ చప్పుడు రాలేదు. అనసూర్య నాలుగు చరణాలూ పాడింది. ఒక్కచోట గొంతు తెగితే, ఆ చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

మట్టి వేశాక కనకవ్వ ఆమె చేతులు పట్టుకుంది. "ఆఖరి దినాలల్ల నీ పేరే కలవరించిండు. నీకేమన్న చెప్పిండా?"

"లేదొదినె. ఏం చెప్పలే."

కనకవ్వ ఇంట్లో ముద్ద ముట్టకుండా ఆమె క్వార్టర్‌కు నడిచి పోయింది.

మరుసటేడు నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని కోసం కాలనీ ఖాళీ చేయించారు. చర్చిని సగం రోజులో కూల్చేశారు. అనసూర్య ఇప్పుడు సుల్తానాబాద్‌లో రేవతి దగ్గర ఉంటోంది. ఆదివారం చర్చికి పోతుంది, ఆడవాళ్ళ వెనక వరసలో కూర్చుంటుంది. ఒకప్పుడు పాడేదట కదా అని ఎవరైనా అడిగితే, గొంతు పోయిందని చెబుతుంది. బాపు ఎట్లా చనిపోయాడని రేవతి అడిగితే, కప్పు కూలిందనే చెబుతుంది.