పదహారు స్తోత్రాలు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. పెద్ద మాటేం కాదు, రెండు ముక్కల్లో అయిపోతుంది. దాన్ని మింగలేక, కక్కలేక ఇన్నేళ్లు తిరిగాను. అన్నం తిన్నాను, నవ్వాను, పెళ్లిళ్లకు వెళ్లాను, చర్చిలో అందరికన్నా గట్టిగా పాటలు కూడా పాడాను. మాట మాత్రం కదల్లేదు. నా పేరు మీకు చెప్పను. మీ పేరు నాకు తెలియదు. అందుకే కాబోలు, మీతో మొదలుపెట్టగలుగుతున్నాను.

సముద్రతీరం వైపు కోట అనే ఊరి దగ్గర నాకో చిన్న షెడ్డు ఉంది. పాతబడ్డ కారు చక్రాలకు తక్కువ ఖర్చులో మెరుపు తెప్పించడం నా పని. మా వైపు ఉప్పుగాలి దేన్నీ వదలదు. రెండు మూడేళ్లకే అలాయ్ చక్రాల పైపొర పొక్కులు లేచి, తెల్లమచ్చలు పడతాయి. కొత్తవి కొనే స్తోమత లేనివాళ్లు నా దగ్గరకు వస్తారు. సబ్బునీళ్లతో కడగడం, ఎమ్రీ కాగితంతో నీళ్లు పోసుకుంటూ రుద్దడం, గీతలు పుట్టీతో పూడ్చడం, ప్రైమర్, వెండి రంగు, చివరన మెరుపు కోసం రంగులేని పూత, క్లియర్ కోటు. అంతే. యంత్రాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. టైరుకు రంగు అంటకుండా నేను టేపు అంటించను. చక్రం అంచుకీ టైరుకీ మధ్య పేకముక్కలు వరుసగా గుచ్చుతాను. టీ అంగడి దగ్గర ఆడేవాళ్లు పారేసిన పాత కట్టలు చాలు, ఖర్చే లేదు.

ఆ పేకముక్కలతోనే ఒకసారి మా పాస్టరు అయ్యగారి కారు చక్రాలు చేశాను. పాత కారు. సంఘమంతా కలిసి కొనిచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి చక్రాలు తళతళలాడాలని నేనే ముందుకు వచ్చాను. ఊరికే చేస్తానన్నాను. చర్చి వరండాలో నాలుగు చక్రాలు పరిచి, చుట్టూ రాణులనీ జాకీలనీ గుచ్చి కూర్చుంటే అయ్యగారు వచ్చి చూసి, నవ్వాలో ప్రార్థన చేయాలో తెలియక లోపలికి వెళ్లిపోయారు.

ఇక్కడ నా పనిలోని సంగతి ఒకటి మీకు చెప్పాలి. చక్రానికి నట్లు కూర్చునే గుంటలు ఉంటాయి. వాటిలో రంగు పడకూడదు. నట్టు చక్రం లోహాన్ని నేరుగా కరుచుకుని కూర్చోవాలి. మధ్యలో రంగు పొర ఉంటే, బండి నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పొర నలిగిపోతుంది, నట్టు వదులైపోతుంది. అందుకే ఆ గుంటల్లో కాగితం చుట్టలు కూరి రంగు కొడతాం. ఇది నాకు తెలియదా? తెలుసు. తెలియక చేశానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! ఆ రోజు కాగితాలు కూరలేదు. ఎందుకంటే గుంటలు నల్లగా కనిపిస్తే నాకు నచ్చలేదు. ఆదివారం జనమంతా చూస్తారు. వేలు పెట్టినా రంగు లేని చోటు దొరక్కూడదనుకున్నాను. వాటిలో కూడా వెండి రంగు కొట్టి, దాని మీద క్లియర్ కోటు రెండుసార్లు కొట్టాను. రెండు రోజులు ఆరనివ్వాల్సింది ఒక్క పూట ఎండలో పెట్టాను. అదంతా అయ్యగారి మీద భక్తి అనుకున్నాను. భక్తి కాదు, గొప్పకు పోవడం.

చక్రాలు బిగించింది ఏసోబు. అయ్యగారి కారుకు డ్రైవరు. నాకన్నా ఆరేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. అతను నట్టు బిగించే తీరు చూసి తీరాలి. చెప్పులు విడిచి, స్పానర్ కాడ మీద రెండు పాదాలూ పెట్టి నిలబడి, ఒళ్లంతా బరువేసి రెండుసార్లు ఊగేవాడు. దిగేటప్పుడు "స్తోత్రం" అనేవాడు. అలా అన్నట్టు తనకే తెలిసేది కాదు, ఊపిరితోపాటు వచ్చేసేది. చక్రానికి నాలుగు నట్లు. నాలుగు చక్రాలు. పదహారు స్తోత్రాలు. ఇన్నిసార్లు పిలిస్తే దేవుడికైనా విసుగు పుట్టదా అని నేను ఎగతాళి కూడా చేశాను. అంత బాగా గుర్తుంది నాకు.

ఆదివారం బాగా జరిగింది. చక్రాలను అందరూ మెచ్చుకున్నారు. మూడో రోజు అయ్యగారూ అమ్మగారూ నెల్లూరు వెళుతుంటే దారిలో ఎడమపక్క ముందు చక్రం ఊడిపోయింది. చక్రం తన దారిన తాను దొర్లి రొయ్యల గుంటలో పడింది. కారు రోడ్డును రాసుకుంటూ పోయి గట్టు మీద ఆగింది. ప్రాణాలు పోలేదు. అమ్మగారి ఎడమ మణికట్టు విరిగింది. మా చర్చిలో హార్మోనియం వాయించేది ఆవిడే. ఆర్నెల్లు ఆ పెట్టె మూత తెరవలేదు. మిగతా మూడు చక్రాల నట్లు చూస్తే అవీ వేళ్లతో తిరుగుతున్నాయి. ఇంకేముంది? డ్రైవరు సరిగ్గా బిగించలేదన్నారు అందరూ. కారు చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు, చక్రాలు మాత్రం బలే మెరుస్తున్నాయే అని కూడా అన్నారు. ఆ మాట విని నాకు ఒక్క క్షణం సంతోషం వేసింది. ఇది మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ చెప్పకపోతే ఈ ఒప్పుకోలుకు అర్థమేముంది?

చక్రాన్ని ఏసోబే నడుంలోతు నీళ్లలో దిగి వెతికి తెచ్చి చర్చి ఆవరణలో పెట్టాడు. నేను వెళ్లి చూశాను. నట్ల గుంటల్లో క్లియర్ కోటు పాల మీద మీగడలా ముడతలు పడి, ఒక పక్కకు జరిగి ఉంది. చూడగానే తెలిసిపోయింది. జేబులో పేనాకత్తి ఉంది. నాలుగు గుంటలూ గీకేశాను. తర్వాత, రంగు సరిచేస్తానని చెప్పి మిగతా మూడూ షెడ్డుకు తెచ్చుకుని వాటినీ గీకేశాను. ఎవరూ అడగలేదు. పైగా నా మంచితనాన్ని మెచ్చుకున్నారు.

ఇంతవరకు చేసింది తప్పు. ఆ తర్వాత చేసిన దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. ఆ శనివారం మధ్యాహ్నం ఏసోబు షెడ్డుకు వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, ఆ పొద్దు నువ్వు నా పక్కనే ఉండావు గదా. నట్లు నేను బిగించినానా, లేదా?"

నేను తల ఎత్తలేదు. "పేకముక్కలు ఏరుకుంటా ఉండాను అబ్బయా. చూళ్లేదు."

"నాకు బిగించినట్టే ఉంది అన్నా. ఒట్టు. కానీ నాలుగు చక్రాలూ వదులైనాయంటే ఏందది? బిగించలా అనే గదా?"

"ఏమో అబ్బయా. ఒక్కోసారి ధ్యాస ఎటో పోద్ది."

"అంతేలే. నా చేతులే నన్ను మోసం చేసినాయి."

అని వెళ్లిపోయాడు. మర్నాడు ఈస్టరు ఆదివారం. మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెబుతారు. ఎవరికైనా మనసులో ఉన్నది లేచి చెప్పుకోవచ్చు. ఏసోబు లేచాడు. నా అజాగ్రత్త వల్ల అమ్మగారి చెయ్యి విరిగింది, నన్ను క్షమించండి అని సంఘం ముందు ఏడ్చాడు. నేను మూడో వరసలో కూర్చున్నాను. లేవడానికి ఎంతసేపు పడుతుంది? మోకాళ్లు బాగానే ఉన్నాయి. గొంతు బాగానే ఉంది. అయ్యగారు వచ్చి అతన్ని కౌగిలించుకున్నారు. కట్టు కట్టిన చేతితోనే అమ్మగారు అతని తల నిమిరారు. అందరూ క్షమించారు. నాకు రావాల్సిన క్షమాపణ అతనికి ఇచ్చేశారు. అది పుచ్చుకుని అతను బాగుపడ్డాడా అంటే అదీ లేదు. చేయని తప్పుకు దొరికిన క్షమాపణ ఏం చేసుకుంటాడు మనిషి?

పనిలో ఉండమని అయ్యగారు ఎంతో చెప్పారు. ఏసోబు వినలేదు. స్టీరింగ్ మళ్లీ ముట్టుకోలేదు. రొయ్యల గుంటల దగ్గర మేత వేసే పనిలో చేరాడు. సైకిలు మీద పోయివస్తాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి బయటికి వచ్చి, సైకిలెక్కే ముందు వంగి ముందు చక్రం నట్టును వేళ్లతో పట్టి చూసుకుంటాడు. రెండు అడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ చూసుకుంటాడు. పన్నెండేళ్లుగా చూస్తున్నాను. నేనేం చేశాను? నా షెడ్డులో నట్టు గుంటల్లో చుక్క రంగు పడనివ్వలేదు. బండి రెండు రోజులు తిప్పి వచ్చి నట్లు మళ్లీ బిగించుకోండని ప్రతివాళ్లకీ చెప్పాను. నా జాగ్రత్త చూసి జనం ఇంకా ఎక్కువ వచ్చారు. నా తప్పు కూడా నాకే కలిసివచ్చిందన్నమాట.

పోయిన వారం ఏసోబు కూతురు రూతు వచ్చింది. కారు నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఆసుపత్రి వ్యానుకు డ్రైవరుగా తీసుకుంటామన్నారట. తండ్రి వద్దంటున్నాడు. "మన చేతులు నమ్మదగ్గవి కావంటాడు పెదనాన్నా. నీ మాటైతే వింటాడు, నువ్వు చెప్పవా?" అంది. తన చేతులు చూసుకుంటూ అంది. నేను చేసింది ఆ పిల్ల చేతులదాకా వచ్చిందని అప్పుడు తెలిసింది. 

బుధవారం పొద్దున రొయ్యల గుంటల దగ్గరకు వెళ్లాను. ఏసోబు మేత బకెట్టు పట్టుకుని గట్టు మీద ఉన్నాడు. ఎలా చెప్పాలో రాత్రంతా పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నట్ల గుంటల్లో రంగు, గీకిన పేనాకత్తి, చూళ్లేదన్న అబద్ధం, స్పానర్ మీద అతను ఊగడం, స్తోత్రాలు, అన్నీ అడ్డదిడ్డంగా చెప్పేశాను. రుజువేమీ లేదు. ఉన్న రుజువు నేనే గీకేశాను. ఇక మిగిలింది నా మాటే.

అతను నీళ్ల వైపు తిరిగాడు. "పదహారూనా?" అన్నాడు. పదహారూ అన్నాను. అంతే. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు, నేనూ అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది? బకెట్టు కింద పెట్టి సైకిలు దగ్గరికి వెళ్లాడు. అలవాటు చొప్పున వంగాడు. ముందు చక్రం నట్టు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నట్టును ముట్టుకోకుండా నిటారుగా లేచాడు. సైకిలెక్కి గట్టు మీదుగా ఊరివైపు వెళ్లిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, నా వైపూ, చక్రం వైపూ.

అతను మళ్లీ నాతో మాట్లాడతాడో లేదో తెలియదు. మాట్లాడకపోతే అది న్యాయమే. ఎల్లుండి ఆదివారం. సాక్ష్యాల వేళ నేను లేస్తాను. అమ్మగారు హార్మోనియం ముందు కూర్చుని ఉంటారు, రూతు ఆడవాళ్ల వైపు ఉంటుంది. వాళ్లందరి ముందు నోరు తడబడకూడదని ముందుగా మీకు చెప్పుకుంటున్నాను. ఇందాకటి నుంచి ఇన్ని పేజీలు నింపాను గానీ చెప్పాల్సింది ఇంత లేదు. పన్నెండేళ్ల కిందట, షెడ్డు గడప దగ్గర నిలబడి అతను అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు, అంతే. ఇప్పుడు గొంతులో అడ్డం లేదు. తేలిగ్గానే వస్తోంది.

బిగించావు ఏసోబూ. పదహారూ బిగించావు. నేను చూశాను.