పదకొండున్నర మంది

పని-కాలం లెక్కలంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. పదిమంది ఒక గోడను ఆరు రోజుల్లో కడితే పదిహేనుమంది ఎన్ని రోజుల్లో కడతారు? నాలుగని టక్కున చెప్పేదాన్ని. కానీ ఆ పదిమందిలో ఎవరికీ జ్వరం రాదా, ఎవరూ చుట్ట కాల్చుకోడానికి కూర్చోరా అని అడిగితే, ముందు జవాబు రాయమనేవారు ట్యూషన్ మాస్టారు.

డిగ్రీ అయ్యి డీఎస్సీకి చదువుకుంటున్న ఏడాది ఆ లెక్క మా చేలోకే వచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నాన్నగారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. మామిడికుదురు దగ్గరున్న మా మూడెకరాల దాళ్వా ఊడ్పు, అంటే రెండో పంట నాట్లు, నా మీద పడింది. మాది కాలువ శివారు, నీళ్లు చివరగా అందే చోటు. ఆ ఏడు నీళ్లకు వంతులు పెట్టారు. మా వంతు రెండు రోజులేనని, ఆ తరవాత పదిరోజుల దాకా చుక్క రాదని కాలువ నీళ్లు వదిలే లస్కరు చెప్పి వెళ్లాడు. దమ్ము చేసిన చేను ఆరిపోతే నాటడానికి వేలు దిగదు. ఆలోగా ఆకుమడిలో నారు ముదిరిపోతుంది. ఆ రెండు రోజుల్లో ఊడ్పు అవ్వకపోతే ఇక పంట లేనట్టే.

నోటుబుక్కు తీశాను. కిందటేడు పదిమంది ఆడవాళ్లు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున మూడు రోజులు ఊడ్చారు. మొత్తం రెండువందల నలభై గంటల పని. రెండు రోజుల్లో అవ్వాలంటే పదిహేనుమంది కావాలి. కూలీల ముఠాను తెచ్చే ఆవిడ నవ్వేసి, అందరికీ ఒకేసారి వంతులొచ్చాయి కదా, పన్నెండుమంది దొరకడమే గగనమంది. మనుషులు పెరగకపోతే గంటలు పెరగాలి. మనిషికి ఇరవై గంటలు, అంటే రోజుకు పది. ఆ రెండు గంటలు ఎక్కువ చేస్తారా అని అడిగితే, "ఆయ్, అలాగేనండి. నీళ్లు మనకోసం ఆగవు కదండి" అంది. లెక్క ఇంత చక్కగా కుదిరినందుకు నాకు భలే గర్వమేసింది.

మొదటి రోజు చేతి గడియారంతో గట్టు మీద నిలబడ్డాను. పన్నెండుమందీ ఒకే వరసలో వంగి, నాటుకుంటూ వెనక్కి నడుస్తున్నారు. మధ్యలో ఒక ముసలావిడ ఉంది, అందరూ మామ్మ అంటారు. పక్కావిడ పది కుదుళ్లు నాటేలోగా ఆవిడ ఐదే నాటుతోంది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. నోటుబుక్కులో మామ్మ అని రాసి ఎదురుగా అర వేశాను. పదకొండున్నర మంది ఇరవై గంటలు చేస్తే రెండువందల ముప్పై. పది గంటల పని తక్కువ. ఎకరంలో ఎనిమిదో వంతు బీడుగా మిగిలిపోతుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ముఠా ఆవిణ్ణి పక్కకు పిలిచి, రేపు మామ్మ బదులు ఇంకెవరినైనా తెమ్మన్నాను.

ఆవిడ చెయ్యి కడుక్కుంటూ, "నాకు ఎనిమిదో నెలప్పుడు నా వరస సగం మామ్మే నాటిందండి. ఆవిణ్ణి వద్దంటే రేపు మేమెవరం దిగమండి" అంది.

కోపంగా కాదు, చాలా మామూలుగా అంది. నా మొహం మాడిపోయింది. సిగ్గేసింది కూడా. అయినా, ఇలాగైతే ఆ ఎనిమిదో వంతు ఎవరు నాటుతారని లోపల గొణుక్కుంటూనే ఉన్నాను.

రెండో రోజు పొద్దు వాలేసరికి కాలువలో నీళ్లు తీసేశాయి. మిగిలిపోయే నేల ఎంతో చూద్దామని నేను గట్టు వెంట తిరుగుతున్నాను. ఆఖరి మడిలో ఆఖరి నారు కట్టలు విప్పుతున్నారు. మిగిలేదేమీ లేదు. లెక్క రెండుసార్లు సరిచూశాను, తప్పు దొరకలేదు. మరి ఆ పది గంటలూ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

గడియారం మానేసి ఈసారి చేతుల వంక చూశాను. మామ్మకు అటూ ఇటూ ఉన్నవాళ్లు తమవి నాటుకుంటూనే, చెయ్యి చాచి ఆవిడ వైపు ఒక్కో కుదురు గుచ్చుతున్నారు. కాసేపటికి వాళ్లు పక్కకు జరిగితే, ఆ చోటుకు ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరికొకరు చెప్పుకున్నట్టు కూడా లేదు. మామ్మ సగమే నాటుతున్నా రెండు రోజులూ వరస ఎక్కడా వంకర పోలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది. పది గంటలు పదకొండుమందికి పంచితే తలకు గంట కూడా పడదు.

చేలోకి నీళ్లొచ్చే బోదెలో కాళ్లు కడుక్కుని మామ్మ నా దగ్గరికి వచ్చింది. గడియారంతో తననే చూస్తూ ఉండడం ఆవిడ కనిపెట్టే ఉంటుంది.

"అమ్మాయిగారండి, బుక్కులో నన్నెంత రాసేరండి?"

నోటుబుక్కు మూసేసి, "ఒకటి, మామ్మా" అన్నాను.

ఆవిడ చేను వంక చూసింది. "అంత లేదండి. వీళ్లేసేరండి" అంది.

ఇంటికొచ్చాక అర కొట్టేసి ఒకటి వేశాను. అప్పుడు లెక్క సరిపోయింది.