కాగితంలో నేను కొట్టేసిన వాక్యం

ఉదయం ఆరూ పదికి మా ట్రక్కు అనకాపల్లి పొలిమేరలో ఆగింది. వాన మొదలై మూడో రోజు. శారదా నది పొంగి రోడ్డు రెండు చోట్ల తెగింది. చెరుకు తోటల్లో నడుం లోతు నీళ్లు. పదకొండేళ్ల సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను. సొంత ఊరికి డ్యూటీ మీద రావడం మాత్రం అదే మొదలు. రెండువేల దశకం చివరి రోజులవి.

నేను సైన్యంలో వైద్య దళం హవల్దారుని. సూది వేస్తాను, కట్టు కడతాను. అంతకుముందు మా నాన్న కిరాణా కొట్లో బేరాలాడేవాడిని. రెండో పనిలోనే నాకు ఎక్కువ పేరుండేది.

వరద వస్తే పాములు మెట్టకెక్కుతాయి. అంచేత మా కెప్టెన్ డాక్టరు గారు హైవే పక్కన స్కూల్లో క్యాంపు పెట్టి, నన్నూ రేడియో ఆపరేటర్నీ నీళ్లకి అవతల ఉన్న ఒక ఆసుపత్రికి పంపారు. ఆయన కన్నడిగుడు. తెలుగు బాగానే మాట్లాడతారు. ఆర్డరు రెండు ముక్కలు: "పాముకాటు వైద్యం మారింది. కొత్త పద్ధతి అక్కడి డాక్టరుకి చేరాలి, చేరినట్టు సంతకం తేవాలి."

"నన్నే ఎందుకు సాబ్?"

"నీ ఊరు కదా. నీ మాట వింటారు."

కిరాణా కొట్టువాడి మాట సొంత ఊళ్లో ఎంతమంది వింటారో సాబ్‌కి తెలీదు. నేనూ చెప్పలేదు.

నా కిట్‌లో నాలుగు పేజీల కాగితం, నాలుగు కొత్త గాజు ట్యూబులు, కట్టు బట్ట, టార్చి. ఆసుపత్రిలో అరవై దాటిన ఫిజీషియన్ గారొకరు, వార్డు చూసే సిస్టరొకరు. ఫ్రిజ్‌లో విషానికి విరుగుడు మందు పది వయల్స్. ఒక మనిషికి మొదటి విడతే పది పడుతుంది.

డాక్టరు గారు కాగితం వెనక్కీ ముందుకీ తిప్పారు. "ముప్ఫయ్యేళ్లుగా పాముకాట్లు చూస్తున్నానయ్యా. చర్మం మీద చుక్క మందు వేసి పడుతుందో లేదో చూస్తాను. పడితే ఎక్కిస్తాను."

"ఆ చుక్క పరీక్ష మానేయమంటున్నారండీ. అందులో టైము పోతుంది. దాని బదులు..."

"నాలుగు పేజీలా? వార్డు నిండా జ్వరాలు. సగం పేజీ దాటితే చదవను."

బేరం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు పేజీలన్నాను. సగం అన్నారు. ఒకటన్నాను. సగమే అన్నారు. ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని నాలుగు పేజీల్ని పన్నెండు వాక్యాలకి కుదించాను. రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు శుభ్రమైన గాజు ట్యూబులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం పనిచేస్తున్నట్టు. దాని కిందే మరో వాక్యం: ట్యూబు కొత్తదై ఉండాలి, సబ్బు తగలకూడదు. శుభ్రమైనదని పైన రాశాం కదా, మళ్లీ ఎందుకని కొట్టేశాను.

డాక్టరు గారు చదివారు, సంతకం పెట్టారు. రేడియోలో చెప్పాను. "శభాష్, ఓవర్," అన్నారు కెప్టెన్ గారు.

నా నాలుగు కొత్త ట్యూబులూ కిట్‌లోనే ఉంచుకున్నాను. ఆసుపత్రిలో పాతవి ఉన్నాయి కదా. కొట్లో పెరిగినవాడు పాత సరుకు అయ్యేదాకా కొత్త పెట్టె విప్పడు.

మేం వచ్చిన నాలుగో రోజు, ఉదయం తొమ్మిదీ పది. చెరుకు తోటలో కాలి మీద కాటు పడిందని ఒక రైతుని తెచ్చారు. వెంట భార్య. వాపు లేదు. సిస్టర్ రక్తం తీసి ట్యూబులో పోసింది. తొమ్మిదీ ముప్ఫై అయిదుకి డాక్టరు గారు వంచారు. నీళ్లలా జారింది.

"పదీ కలపండి," అన్నారు.

నా కాగితం పనిచేస్తోందని నాకు గర్వంగా కూడా అనిపించింది. సిస్టర్ రెండు వయల్స్ కలిపి సెలైన్‌లో ఎక్కించింది. ఇంతలో కోటవురట్ల వైపు నుంచి ట్రాక్టరు మీద ఒకావిడని దించారు. తెల్లారగట్ల కట్టెలు తీస్తుంటే పాము కరిచిందట. కాలు మోకాలిదాకా వాచింది. చిగుళ్ల నుంచి రక్తం.

మిగిలినవి ఎనిమిది. మనుషులు ఇద్దరు.

రేడియో ఆపరేటర్ సెట్ అందించాడు. కెప్టెన్ గారు చెప్పారు: "మందు పడవ మీద వస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకి. అంతకు ముందు కాదు. మొదటి మనిషికి వాపుందా?"

"లేదు సాబ్."

"రక్తం కారుతోందా? రెప్పలు వాలుతున్నాయా?"

"లేదు సాబ్."

"ట్యూబు కొత్తదేనా? ఓవర్."

తొట్టి పక్కన సిస్టర్ కడిగి బోర్లించిన ట్యూబులు తళతళలాడుతున్నాయి. పక్కనే సబ్బుపొడి డబ్బా. ఆవిడంత శుభ్రంగా ఆ ఆసుపత్రిలో ఎవరూ కడగరు. సబ్బు అంటిన గాజులో మంచి రక్తమూ గడ్డకట్టదు.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. "నీ కాగితం ప్రకారమే చేశాను. ఇప్పుడు అందులో లేని మాట చెబుతావేమిటి?"

"ఉండేదండీ. కొట్టేసింది నేనే."

"మీ నాన్న కొట్లో తూకం తగ్గేది కాదే. నీకెక్కడ అబ్బిందయ్యా?"

చొక్కా చెయ్యి పైకి మడిచాను. "నన్ను ఏ పామూ కరవలేదు డాక్టరు గారూ. నా రక్తం సిస్టరమ్మ ట్యూబులో ఒకటి, కొత్తదాంట్లో ఒకటి పొయ్యండి. వాళ్లిద్దరిదీ కొత్తవాటిలో పొయ్యండి. ఇరవై నిమిషాలు ఇవ్వండి."

"ఈవిడకి ఇరవై నిమిషాలు ఉన్నాయా?"

"ఈవిడకి నాలుగు ఇప్పుడే మొదలెట్టండి. ఆయనది నెమ్మది చెయ్యండి, ఆపొద్దు. మిగతా నాలుగూ ముట్టుకోవద్దు."

జన్మలో నేనాడిన ఆఖరి పెద్ద బేరం అదే. డాక్టరు గారు తలూపారు.

పదీ అయిదుకి నాలుగు ట్యూబులు వరసలో నిలబెట్టాం. ఎవరూ బల్ల దగ్గర కదల్లేదు. రేకుల మీద వాన. పదీ ఇరవై అయిదు. సిస్టర్ కడిగిన ట్యూబులో నా రక్తాన్ని డాక్టరు గారు వంచారు. జారింది. కొత్తదాంట్లో నాది వంచారు. కదల్లేదు. రైతుది కొత్తదాంట్లో కదల్లేదు. ఆవిడది జారింది.

సిస్టర్ చేతులు చూసుకుంది. "నేను కడిగేను బాబూ," అంది మెల్లగా.

"సబ్బుతో కడగొద్దన్న మాట మీకు చేరనివ్వనిది నేనమ్మా."

డాక్టరు గారే రైతు సెలైన్ ఆపి, సూది తీశారు. నాలుగు వయల్సూ రెండో మంచానికి వెళ్లాయి.

అప్పుడు లేచింది రైతు భార్య. "నువ్వు మన ఊరోడివే కదా బాబూ. మాయాయన మందెందుకు తీయించినావు?"

"ఆయనకి అక్కర్లేదమ్మా. విషం ఎక్కలేదు."

"అక్కర్లేపోతే పొద్దున్నెందుకెట్టేరు?"



రెండూ పదికి పడవ వచ్చింది. కెప్టెన్ గారు వయల్స్ పెట్టె సిస్టర్‌కిచ్చి, రెండు మంచాలూ చూశారు. డాక్టరు గారు నాలుగు పేజీలూ అడిగి తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా చదివారు. సబ్బు మాట దగ్గర ఎర్ర సిరాతో గీత గీశారు. ఆ పేజీ తొట్టి మీద గోడకి అంటించారు. సాయంత్రం నాలుగుకి ఆవిడ చిగుళ్ల రక్తం ఆగింది. ఇద్దరూ బతికారు.

పన్నెండో రోజు ఉదయం ఏడుకి మా ట్రక్కు బయల్దేరింది. యూనిట్‌కి వెళ్లాక ఏటా పై అధికారి రాసే నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో కెప్టెన్ గారు 'చొరవ' అని రాశారు. సంతకానికి చూపిస్తే చదివి సిగ్గుపడ్డాను.

ఇన్నేళ్లయినా నాకు కనిపించేది ఆ రక్తం కాదు. ఆ రైతు భార్య. పదిన్నర నుంచి పడవ వచ్చేదాకా ఆవిడ కూర్చోలేదు. మంచం పక్క ఖాళీ సెలైన్ స్టాండుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. రెండో మంచానికి అది కావాలని వార్డు ఆయా వస్తే ఇవ్వలేదు. మందు లేని ఆ ఇనప కర్రని అంత గట్టిగా పట్టుకుని, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తూ.