ఎడమవైపు బేరం

కాశీరావు ఎడమ కన్ను ఎలా పోయిందని విజయవాడ చేపల మార్కెట్లో ఎవర్నడిగినా కొల్లేటి కొర్రమీను కథే చెబుతారు. కాశీరావు మొదట చెప్పినప్పుడు ఆ చేప మూరెడే. వానాకాలం వచ్చేసరికి పడవంతయింది. తోకతో ఒక్కటిచ్చిందట! కన్నెగిరి నీళ్లలో పడితే ఇంకో చేప మింగి, ఆ కంటితో వలల్ని ముందే చూసి తప్పించుకుంటోందట. జనం సగం కోసేసి, మిగతా సగం నమ్మారు.

అసలు సంగతి, కంటి వెనక గడ్డ. క్యాన్సరన్నారు, ప్రాణం దక్కాలంటే కన్ను తీసెయ్యాలన్నారు. తీసేసి, అచ్చం కన్నులాంటిదే పెట్టారు. ఆ తర్వాత టీ పోస్తే గ్లాసు పక్కన పడేది. బెంజ్ సర్కిల్ దాటాలంటే ఎడమవైపు ఎవరో ఒకరు ఉండాల్సిందే. అన్నిటికీ అలవాటు పడ్డాడు. ఉన్న ఒక్క కన్నుతోనే రెండువైపులా చూస్తానని మార్కెట్లో కోశాడు గానీ, భయమల్లా వేలం గురించే. పీటెక్కి చేపల తట్టల్ని వేలం వేసేది అతనే. కొనేవాళ్లు నోరు మెదపరు, వేళ్లెత్తి ధర చెబుతారు. ఎవరికి అచ్చొచ్చిన చోట వాళ్లు నిలబడతారు, అక్కణ్ణుంచి జరగమంటే కొట్టడానికొస్తారు. ఎడమవైపు వేళ్లు కనపడవని తెలిస్తే మళ్లీ పీటెక్కనిస్తారా?

అందుకే బావమరిది రాంబాబుని ఎడమ పక్కన నిలబెట్టుకున్నాడు. అటు వేలు లేస్తే రాంబాబు భుజం తడతాడు, కాశీరావు తల తిప్పుతాడు. ఈ గుట్టు ఇంటావిడకి, రాంబాబుకి తప్ప ఎవరికీ తెలియదు.

ఒకరోజు వేలం అయ్యాక, భవానీపురంలో చేపలమ్ముకునే పెద్దింట్లమ్మ అడ్డం తిరిగింది.

"ఏమయ్యా కాశీరావూ, నా వేళ్లేమన్నా అరిగిపోయాయా? ఎత్తీ ఎత్తీ రెక్క పడిపోతోంది. తట్టలన్నీ కుడివైపు నిలబడే ఆ హోటళ్ల జయంత్‌కే కొట్టేస్తున్నావు!"

"నీ గాజుల మెరుపుకి కళ్లు చెదురుతున్నాయి పెద్దింట్లమ్మా" అని నవ్వించి పంపాడు గానీ, లోపల గతుక్కుమన్నాడు. భుజం మీద రాంబాబు చెయ్యి పడి ఎన్నాళ్లయింది?

మర్నాడు వేలం మధ్యలో, ఎవరూ తట్టకుండానే తల తిప్పాడు. పెద్దింట్లమ్మ చెయ్యి గాల్లో ఉంది. రాంబాబు చెయ్యి జేబులో ఉంది. వాడి చూపు జయంత్ మీద, పెదాల మీద ముసిముసి నవ్వు.

పక్కకి లాగి అడిగితే వాడు తలైనా వంచలేదు. "ఊరికే నిలబడ్డానికి నాకేంటి బావా? జయంత్ నన్ను బాగా చూసుకుంటున్నాడు. గొడవ చేశావనుకో, నీ కొర్రమీను క్యాన్సరని మార్కెట్టంతా చెప్పేస్తా."

ఆపరేషన్ రోజు తన చెయ్యి పట్టుకుని ఏడ్చింది వీడే. కాశీరావు తిరిగొచ్చి పీటెక్కాడు.

"వినండర్రా, కొత్త కథ! నా కన్ను చేప పీకలేదు. క్యాన్సర్ గడ్డొస్తే డాక్టర్లు తీశారు. అంటుకునేది కాదులే, కంగారు పడకండి. ఎడమవైపు చూడ్డానికి బావమరిది కన్ను అరువు తెచ్చుకున్నా. దాన్ని జయంత్ గారు కొనేశారు. ఈసారి మత్తుమందన్నా ఇవ్వకుండా పీకారు."

ఎవరూ నవ్వలేదు. ఎడమవైపు వాళ్లు కొందరు ఖాళీ తట్టలెత్తుకుని పక్క వేలానికి వెళ్లిపోయారు. పెద్దింట్లమ్మ మాత్రం గొణుక్కుంటూ కుడివైపుకి జరిగింది.

"అచ్చొచ్చిన చోటు పాడు చేశావు గదయ్యా! ఆ చేప కథే బాగుంది. సరే కానీ, మొదలెట్టు."

మొదలెట్టాడు. రాంబాబు అప్పటికే జారుకున్నాడు. అయినా ప్రతి తట్ట దగ్గరా కాశీరావు ఎడమ భుజం కాస్త బిగుసుకుని, ఆగి చూస్తోంది.